తప్పుబెల్లం

అయస్పుర నగరానికి పొద్దు రెండుచోట్ల పొడుస్తుందని ఇరుగుపొరుగు రాజ్యాలవాళ్ళు చెప్పుకునేవారు. శోణగిరి శిఖరాల మీద ఒకటి, ఊరి కొలిముల్లో ఇంకొకటి. తెల్లవారేసరికి వేలకొద్దీ తిత్తులు ఒక్కసారిగా ఊపిరి తీసుకునేవి. నిప్పురవ్వలు మోదుగపూల రేకుల్లా గాలిలో తేలుతూ వెళ్ళి, నగరం నడుమ పారే కింశుకానదిలో పడి చుయ్యిమనేవి. ఇనుప తోరణాలు, రాగి కలశాలు, ఇత్తడి నెమళ్ళు పురివిప్పిన సింహద్వారాలు! చూసినవాడు రెప్ప వేయడం మరిచిపోవలసిందే.

యువరాజు నీలకేతుడికి మాత్రం ఆ వైభవం చూసే తీరిక లేదు. ఒంటినిండా మసి పూసుకుని, తలకు మాసిన గుడ్డ చుట్టుకుని, కుడి జబ్బ మీది రాచముద్ర కనబడకుండా తోలుపట్టీ బిగించి, 'మల్లు' అన్న మారుపేరుతో కొలిమి తిత్తి ఊదుతున్నాడు. రత్నకూట సింహాసనానికి వారసుడు తిత్తి ఊదడమేమిటని అడుగుతారేమో, చెబుతాను.

మాంత్రికుడు ధూమ్రనేత్రుడి పిశాచసేన వేటవిడిదిని చుట్టుముట్టిన రోజున, నీలకేతుడి పాలతల్లి కొడుకు సింగన్న ఒక్క గంతులో వచ్చి, యువరాజు కిరీటం లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. "నీకిది ఎప్పుడూ వంకరగానే ఉంటుంది నీలా, నాకైతే సరిగ్గా అతికింది చూడు" అని నవ్వి, "నేనే నీలకేతుణ్ణి!" అని అరుస్తూ బయటికి నడిచాడు. పిశాచాలు అతణ్ణే ఎత్తుకుపోయాయి. సూర్యగ్రహణం పట్టే వేళ రాచరక్తం బలి ఇస్తే ధూమ్రనేత్రుడికి ఇక చావుండదట. సింగన్నను పొగలోయ నడుమ నిలువుగా లేచిన ఒంటిగుట్ట మీద కట్టేశాడు. ఆ లోయలోంచి లేచే మంటపొగకు తాళ్ళూ కర్రలూ బూడిదైపోతాయి. తట్టుకునేది ఇనుము ఒక్కటే. కాబట్టి అయస్పురం గట్టు నుంచి ఒంటిగుట్ట దాకా ఇనుప గొలుసు వేయాలి, దాని మీద నడిచి వెళ్ళాలి. ఎంత బరువునైనా మోసుకుపోయే బాణం ఒకటి ఒక ముని నీలకేతుడికి ఇచ్చి ఉన్నాడు. అది పనిచేసేది ఒక్కసారే. గొలుసు తెగిందా, సింగన్న కథ ముగిసినట్టే.

గొలుసు చేయమని రాజాజ్ఞ వచ్చింది. గుట్ట మీద ఉన్నది యువరాజే అనుకుని ఊరు ఊరంతా నడుం కట్టింది. అసలువాడు బయట ఉన్నాడని పొక్కితే సింగన్నను అప్పుడే చంపేస్తారని, నీలకేతుడు మల్లుగానే వాళ్ళలో కలిశాడు. కాని అయస్పురానికి ఒక పాత జబ్బు ఉంది. నదికి ఈవల ఉరుకులవాడ, ఆవల కొలతలవాడ. ఆ రెండు వాడలకూ తాతల నాటి నుంచి పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఉరుకులవాడ పెద్ద ఓబన్న. గుబురు మీసాలు, ఉరుము గొంతు. ఆయన కొలిమిలో బొగ్గు కోసం ఎవడూ లేచి నడవడు, చెయ్యి చాపితే బొగ్గు. పట్టకారు కోసం ఎవడూ వెతకడు, చెవి పక్కనే వేలాడుతుంది. కడ్డీ ఒకచోట మొదలై చేతులు మారుతూ మారుతూ అవతలి కొసకు కడియమై తేలుతుంది, ఎక్కడా కునుకు తీయదు. చూడ్డానికి కన్నులపండువే. కాకపోతే ఆ కడియాల్లో ఏది గట్టిదో, ఏది పుచ్చుదో బ్రహ్మక్కూడా తెలియదు.

కొలతలవాడ పెద్ద కాటమ్మ. సన్నటి మనిషి, చేతిలో ఎప్పుడూ చిట్టిసుత్తి. ఒక్కో కడియాన్నీ చెవి దగ్గర పెట్టుకుని టిక్కుమనిపిస్తుంది. గణగణమంటే గట్టిది, బొద్దుమంటే లోపల బీట ఉన్నట్టు. ఆమె చెవి దాటిన ఇనుము ఇంతవరకూ తెగలేదు. కాకపోతే ఉన్నది ఒక్క కాటమ్మ, ఆమెకు ఉన్నవి రెండే చెవులు. కడియాలు ఆమె గుమ్మం ముందు కొండలా పేరుకుపోయి తుప్పు పడుతుంటాయి.

"నీ చెవి తీరేసరికి గ్రహణం విడుస్తుంది కాటమ్మా!" అని ఓబన్న మీసం దువ్వాడు.

"నీ గొలుసు మీద నడిచినవాడికి గ్రహణం విడవడం చూసే రాతుంటే కదా ఓబన్నా!" అని ఆమె సుత్తి ఝళిపించింది.

ఇద్దరి నడుమా నలిగి నీలకేతుడి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు కాటమ్మ తన గుట్టలోంచి ఒక కడియం తీసి కొట్టింది. బొద్దుమంది. దాని పక్కది తీసింది, అదీ బొద్దుమంది. ఆ వరసంతా అంతే. అన్నీ ఒక్క మనిషి చేసినవే. పాపం, మొదటిదాంట్లో తప్పు జరిగిందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన చెవి ఖాళీగా లేదు మరి! అతను ఆ తప్పునే శ్రద్ధగా చేసుకుంటూ పోయాడు.

నీలకేతుడు తిత్తి వదిలేసి లేచాడు. "కాటమ్మత్తా, ఓబన్న మామా, ఓ మాట. వరస మామ వాడలాగే నడవనీ. కాని ఆ వరసలో ప్రతివాడి చేతికీ అత్త చిట్టిసుత్తి లాంటిది ఒకటి ఇవ్వండి. పక్కవాడు ఇచ్చిన కడియాన్ని కొట్టి చూసుకున్నాకే తన పని మొదలుపెట్టాలి. బొద్దుమంటే అక్కడే 'ఆగు' అనాలి."

"తిత్తులూదేవాడివి, తీర్పులు చెబుతున్నావురా!" అని ఓబన్న గుడ్లురిమాడు.

కాటమ్మ మాత్రం తల పంకించింది. "నా చెవి అందరికీ పంచమంటున్నాడు ఓబన్నా. ఇన్నాళ్ళూ నాకు తోచలేదు చూడు. నోరు తెరు అబ్బీ." నడుముకు కట్టుకున్న చిన్న కుండలోంచి బెల్లం ముక్క తీసి అతని నోట్లో పెట్టింది. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. నీలకేతుడు తెల్లబోయాడు.

అది కొలతలవాడ ఆచారం. దాని పేరు తప్పుబెల్లం. తప్పు ఎవరు చూపినా సరే, తనదైనా పరాయివాడిదైనా, చిన్నవాడైనా పెద్దవాడైనా, వాడ పెద్ద తన చేత్తో బెల్లం తినిపించి దణ్ణం పెట్టాలి. "తప్పు నువ్వు చేశావని కాదు నాయనా, దాచలేదని" అంటుందామె.

ఉరుకులవాడలో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ పని ఆపినవాడిని 'ఆపుగాడు' అని పెళ్ళాం పిల్లల ముందు కూడా వెక్కిరిస్తారు. అందుకని రెండు వాడలూ కలిసి పని మొదలెట్టిన రోజున ఏం జరగాలో అదే జరిగింది. ఉరుకులవాడ కుర్రాళ్ళు సుత్తితో కొట్టడం కొట్టారు, బొద్దుమంటే చెవుడు నటించారు. సాయంత్రానికి ఏనుగును కట్టి లాగించగానే గొలుసు పుటుక్కున తెగింది. ఏనుగు వెల్లకిలా పడి, లేచి, ఊరివాళ్ళందరినీ ఉరిమి ఉరిమి చూసింది.

మర్నాడు పని సాగుతుండగా వరస మధ్యలోంచి ఒక గొంతు ఉరిమింది. "ఆగు!"

సుత్తులన్నీ ఆగిపోయాయి. అరిచింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఓబన్న! చేతిలో కడియం పట్టుకుని చెవులదాకా ఎర్రబడి నిలబడ్డాడు. "ఇది బొద్దుమంటోంది. చేసింది నేనే" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

కాటమ్మ నెమ్మదిగా నడిచి వచ్చి, బెల్లం ముక్క ఓబన్న మీసాల సందులోంచి నోట్లోకి తోసి, వంగి దణ్ణం పెట్టింది. "ఎందుకని బొద్దుమంది ఓబన్నా?" అంది మెల్లగా.

"బీటేసింది."

"ఎందుకని?"

"ఎర్రటి ఇనుము ఒక్కసారిగా చల్లబడింది."

"ఎందుకని?"

"తొట్టిలో నీళ్ళు మంచులా ఉన్నాయి. ఎందుకంటే..." ఓబన్న ఆగి, తొట్టి వైపు చూసి, నుదురు కొట్టుకున్నాడు. "కొండ ఊట కాలవ తిన్నగా దాన్లోకే పడుతోంది! పని తొరగా సాగాలని నేనే తిప్పించాను!"

కాలవ మళ్ళించారు. తొట్టిని కొలిమి పక్కకు జరిపారు, నీళ్ళు గోరువెచ్చబడ్డాయి. ఆ తరువాత కడియాలు గణగణమని మోగుతూ వచ్చాయి. ఉరుకులవాడ కుర్రాళ్ళు కూడా 'ఆగు, ఆగు' అంటూ పోటీపడి తప్పులు పట్టసాగారు. కొందరు బెల్లం కోసమే పట్టారంటారు, పట్టనివ్వండి, తప్పు దొరికింది కదా! ఓబన్న వరసకు కాటమ్మ చెవి తోడయ్యాక ఉరుకు తగ్గలేదు సరికదా, పెరిగింది. విరగ్గొట్టి మళ్ళీ చేయడాలు పోయాయి మరి. ఏనుగు లాగితే గొలుసు తెగలేదు, ఏనుగే అలిగి కూర్చుంది. నీలకేతుడు ఆ మసిమొహాలన్నిటినీ చూసి, 'మీ రుణం ఎలా తీర్చుకోను?' అనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మొహమంతా మసి చారలయింది.

గ్రహణం రోజు రానే వచ్చింది. గొలుసును లోయ గట్టున రాళ్ళ మీద కొండచిలువలా బారుగా పరిచారు. ఒక కొస పెద్ద రాట్నానికి చుట్టారు. రెండో కొస కొక్కేన్ని ముని బాణానికి తగిలించారు. కాటమ్మ తెల్లారి ఏటికి స్నానానికి వెళ్ళి, తిరిగివచ్చి, గొలుసు పొడవునా నడిచి, "అంతా బాగుంది, కానివ్వండి, కానివ్వండి!" అని తొందరపెట్టింది.

అంతలో ఎక్కడినుంచో ఒక వడ్రంగిపిట్ట ఎగిరొచ్చి గొలుసు మీద వాలింది. ఒక్కో కడియాన్నీ ముక్కుతో టకటకమని పొడుస్తూ, చెవి ఒగ్గి వింటున్నట్టు తల వంచుతూ, ముందుకు గెంతింది. ఒకచోట ఆగిపోయి ఆ కడియాన్నే పట్టుకుని ప్రాణం పోయేలా పొడవసాగింది. ఓబన్న "హుష్" అన్నాడు. ఎగిరి మళ్ళీ అక్కడే వాలింది.

నీలకేతుడు దాన్ని మళ్ళీ తరమనివ్వలేదు. వెళ్ళి చిట్టిసుత్తితో ఆ కడియాన్ని తట్టాడు. బొద్దుమంది!

"ఆగు!" అని అరిచాడు. "కాటమ్మత్తా, ఇక్కడ తప్పుంది!"

కాటమ్మ కళ్ళు నిప్పులయ్యాయి. "నేను చూసిన గొలుసుకే వంక పెడతావా? ఎంత పొగరు నీకు! ఆ పిట్టను చంపి బాణం వదలండి!"

ఊరంతా ఆమె వైపు తిరిగింది. ముఖం కాటమ్మదే, గొంతు కాటమ్మదే, నడుముకు కుండ కూడా ఉంది. కాని చెయ్యి కుండవైపు వెళ్ళలేదు. తప్పు చూపినవాణ్ణి కాటమ్మ తిట్టడం అయస్పురం పుట్టిన తరవాత ఎవరూ వినలేదు.

నీలకేతుడు మెరుపులా కుండలోంచి బెల్లం ముక్క లాక్కున్నాడు. వడ్రంగిపిట్ట ముందు మోకరిల్లి, అరచేతిలో పెట్టి చాపాడు. "తల్లీ, నువ్వెవరో నాకు తెలీదు. గుట్ట మీదివాడి ప్రాణం నిలబెట్టావు. నీకు వేయి దణ్ణాలు."

పిట్ట బెల్లం ముట్టిందో లేదో, రెక్కలు కొంగులయ్యాయి, ముక్కు మాయమైంది, తడిబట్టలతో అసలు కాటమ్మ నిలబడింది! "ఏట్లో మునగ్గానే ఏదో మంత్రం చదివాడమ్మా ముండాకొడుకు! ఆ కడియానికి బీట పెట్టింది కూడా వాడే!" అని నకిలీ కాటమ్మ మీదికి చిట్టిసుత్తి విసిరింది.

సుత్తి తగలగానే ఆ రూపం పొగలా చెదిరి, పొగకళ్ళ ధూమ్రనేత్రుడు బయటపడ్డాడు! గోళ్ళు కత్తుల్లా సాచి నీలకేతుడి మీదికి దూకాడు. నీలకేతుడు పక్కకు దొర్లి, గట్టు మీది కొలిమిలోంచి కాలుతున్న కడ్డీ అందుకుని వీపు మీద చరిచాడు. మాంత్రికుడి గోరు తగిలి జబ్బ మీది తోలుపట్టీ తెగిపోయింది. రాచముద్ర ఎండలో ధగధగ మెరిసింది.

ధూమ్రనేత్రుడు నోరెళ్ళబెట్టాడు. "నువ్వా నీలకేతుడివి? మరి నా బలిపీఠం మీదున్నది..." వికటంగా నవ్వాడు. "రా, రా! నీ స్నేహితుడి కోసం నువ్వే నడిచి వస్తావు!" అని సుడిగాలై ఒంటిగుట్ట వైపు ఎగిరిపోయాడు.

"యువరాజు చేత తిత్తులూదించామా!" అని ఓబన్న రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"తరవాత సిగ్గుపడుదువుగాని, కడియం మార్చు!" అని కసిరింది కాటమ్మ. వరస ఒక్క ఊపులో కదిలింది. కడ్డీ ఇటు చేరింది, మంట లేచింది, చేతులు మారుతూ, సుత్తులు టిక్కుమంటూ, కొత్త కడియం గణగణమని మోగుతూ పుచ్చు కడియం చోటులోకి వచ్చి కూర్చుంది. నీలకేతుడు విల్లు ఎక్కుపెట్టి బాణం వదిలాడు. ఆకాశం చీలినట్టు చప్పుడు. గొలుసు పొగలోయ మీదుగా వంపు తిరుగుతూ పోయి, గుట్ట మీది రాతిస్తంభానికి కొక్కెం పడింది. కాటమ్మ ఇంకో బెల్లం ముక్క అతని పంచె కొసన ముడివేసింది. "ఉంచుకో నాయనా, పనికొస్తుంది."

సూర్యుడి అంచు నల్లబడుతోంది. కింద కుతకుత ఉడికే మంటపొగ, పైన ముక్కున కరుచుకుపోదామని తిరుగుతున్న రాబందులు. నీలకేతుడు గొలుసు మీద పరుగుపెట్టాడు. అరికాళ్ళు కాలాయి, కళ్ళు మండాయి, కడియాలు మాత్రం గణగణమన్నాయి. గుట్ట మీదికి దూకి చూస్తే, బలిపీఠానికి రెండు వైపులా ఇద్దరు సింగన్నలు! ఇద్దరి నెత్తినా కిరీటం, ఇద్దరి చేతులకూ సంకెళ్ళు.

"నీలా!" అని ఒకేసారి అరిచారు ఇద్దరూ. విడిపించేందుకు సమయం ఒక్కరికే ఉంది. మాంత్రికుణ్ణి విప్పాడా, ఆ చేతులే అతణ్ణి పీఠం మీదికి ఈడుస్తాయి.

నీలకేతుడు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "సింగా, నా తప్పేమైనా ఉంటే చెప్పు" అన్నాడు.

మొదటి సింగన్న కన్నీళ్ళు పెట్టుకున్నాడు. "నీ వల్ల తప్పా! నీ అంత వీరుడు ముల్లోకాల్లో ఉన్నాడా? అంతా భేషుగ్గా చేశావు, నన్ను విప్పు!"

రెండో సింగన్న గొంతు చించుకున్నాడు. "తప్పేమిటని తీరిగ్గా అడుగుతున్నావా! నీ కొక్కెం పడ్డ స్తంభం మొదట్లో బీట ఉంది, కళ్ళు కనబడ్డం లేదా? అది ఊడితే ఇద్దరం పోతాం! నన్ను వదిలేసి ముందు దాని సంగతి చూడు, మొద్దూ!"

నీలకేతుడు ఇక సందేహించలేదు. పంచె ముడి విప్పి బెల్లం ముక్క ఆ రెండో సింగన్న నోట్లో పెట్టి, చేతులు జోడించాడు. "చిన్నప్పటి నుంచీ నా తప్పులు చూపించావురా. ఒక్కసారైనా నీకు దణ్ణం పెట్టలేదు" అన్నాడు.

"ఇదేమిటి, బెల్లమా? ఇప్పుడా?" అని సింగన్న కళ్ళు తేలేశాడు.

మొదటి సింగన్న ఏడుపు గర్జనగా మారింది. రూపం ఉబ్బుతూ, రెక్కలు మొలుస్తూ పైకి లేచింది. నీలకేతుడు ఒక రాయి అందుకుని, రెండు దెబ్బలతో సింగన్న సంకెళ్ళు తెంచాడు. ఇద్దరూ స్తంభం వైపు ఉరికారు. కొక్కెం బిగిసిపోయి ఉంది, గొలుసు వదులైతే తప్ప ఊడదు. నీలకేతుడు గట్టుకేసి తిరిగి, సడలించమని చేత్తో సైగ చేస్తూ గుండెలు పగిలేలా అరిచాడు.

"ఆగు!"

అవతల గట్టు మీద ఒక్కరూ ఎందుకని అడగలేదు. ఆ మాట విన్న చేతులన్నీ ఒక్కసారిగా రాట్నం వదులు చేశాయి. గొలుసు సడలింది. ఇద్దరూ కొక్కేన్ని ఎత్తి పక్కనున్న గుట్టరాతికి తగిలించారో లేదో, స్తంభం మొదలంటా విరిగి లోయలోకి దొర్లిపోయింది. గొలుసు మళ్ళీ బిగిసి గణమంది. సూర్యుడు పూర్తిగా మాయమయ్యాడు.

చీకట్లో, వెనక రెక్కల చప్పుడు దగ్గరవుతుండగా, ఇద్దరూ గొలుసు మీదికి అడుగుపెట్టారు. సింగన్న కిందికి చూశాడు. "నీలా, ఇది తెగదు కదా?"

"తెగదు. దీంట్లో ప్రతి కడియాన్నీ ఎవరో ఒకరు ఆపి, విని, పంపించారు. పరుగెత్తు. ఎక్కడైనా బొద్దుమంటే మాత్రం నాకు చెప్పు."

"చెబితే?"

"అవతల గట్టున కాటమ్మత్త నీకోసం కుండ పట్టుకుని నిలబడుంది."

ధూమ్రనేత్రుడి గోళ్ళు వెనక కడియాన్ని పట్టుకున్నాయి. గొలుసంతా ఊగిపోయింది గాని తెగలేదు. సింగన్న నోట్లో బెల్లం ఇంకా కరగనేలేదు, ఆ ముక్కను బుగ్గన పెట్టుకుని, స్నేహితుడి చెయ్యి పట్టుకుని ముందుకు ఉరికాడు.